ధ్రువకాంతిని చేత్తో చేసి నేర్పడం: ఉపాధ్యాయులకు ఒక రోజు వర్క్‌షాప్ ఎలా నడపాలి

ఖగోళశాస్త్రం పాఠం వచ్చేసరికి చాలామంది టీచర్లు టెన్షన్ పడతారు. ఆసక్తి లేక కాదు. వాళ్లు చదువుకున్న రోజుల్లో కూడా అది బొమ్మ చూసి బట్టీపట్టిన పాఠమే. గ్రహాల వరుస, వాటి పేర్లు, చివర్లో నాలుగు ప్రశ్నలు. చేత్తో ముట్టుకున్నది ఏదీ లేదు. అందుకే పిల్లలు అడ్డదిడ్డంగా ఒక ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో తెలియక పాఠం ముగించేస్తారు.

ఆ భయం పోగొట్టడానికి ధ్రువకాంతి, అంటే ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, అరోరా, చాలా మంచి విషయం. ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు: సూర్యుడి దగ్గర మొదలైనది భూమి మీద ఆకాశంలో ఆకుపచ్చ తెరలా ఎలా మారింది? దీనికి జవాబు వెతుకుతూ పోతే దూరాలు, అయస్కాంతం, విద్యుత్తు, కాంతి, వాతావరణం, కొలతలు అన్నీ దారిలోనే తగులుతాయి. పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో పడి ఉన్నవన్నీ ఒకే తాడు మీదికి వస్తాయి. అరోరా కనిపించే ఉత్తర ప్రాంతంలో ఉన్నా, అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఈ వర్క్‌షాప్ నడపవచ్చు.

నేను మొదటిసారి నడిపినప్పుడు పొద్దున రెండు గంటలు స్లైడ్లు చూపిస్తూ అన్నీ వివరించి, ఆ తర్వాత ప్రయోగాలు చేయించాను. ప్రయోగాలు చేస్తున్నప్పుడు ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. జవాబు ముందే తెలిసిపోయాక చేతులు కదిలాయి గానీ ఆలోచన కదల్లేదు. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: ముందు ఊహించాలి, తర్వాత చేయాలి, చివరికే వివరణ. కింద చెప్పే ప్రతి అడుగులో ఈ క్రమం తప్పవద్దు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇరవై నుంచి ఇరవై నాలుగు మంది టీచర్లు సరిపోతారు. నలుగురికో జట్టు. అంతకు మించితే ఇద్దరు చేస్తుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు, అది వర్క్‌షాప్ కాదు. ఎనిమిది మందికి ఒకరు చొప్పున సాయం చేసేవాళ్లు ఉండాలి.

ప్రతి జట్టుకూ కావాల్సినవి: రెండు దండయస్కాంతాలు, ఒక చిన్న దిక్సూచి, ఇనుప రజను, పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు, పాత సీడీ ఒకటి, మందపాటి అట్టపెట్టె, నల్ల టేపు, అల్యూమినియం రేకు, మామూలు 1.5 వోల్టుల సెల్లు, కోణమానిని, దారం, చిన్న బరువు, ఊలు దారం ఆకుపచ్చదీ ఎర్రదీ. అందరికీ కలిపి 30 సెంటీమీటర్ల గ్లోబు ఒకటి, 14 సెంటీమీటర్ల బంతి ఒకటి, పొడవాటి టేపు ఒకటి.

ఇనుప రజను గురించి ఒక మాట. అది నేరుగా అయస్కాంతానికి అంటుకుంటే ఇక ఊడదు, అరగంట దానికే పోతుంది. రజనును రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పోసి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. అయస్కాంతాన్ని కూడా పలచని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచండి.

మొదటి అడుగు: బొమ్మ గీయించండి

అందరూ కూర్చోగానే తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, "అరోరా ఎలా వస్తుందో మీకు తెలిసినట్టుగా ఒక బొమ్మ గీయండి, పక్కన రెండు వాక్యాలు రాయండి" అని చెప్పండి. పేరు అక్కర్లేదు, ఏదో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. పది నిమిషాలయ్యాక కాగితాలు తీసుకుని పక్కన పెట్టండి. తప్పు, ఒప్పు ఏమీ అనవద్దు. సాయంత్రం వీటితో పని ఉంటుంది.

ఆ బొమ్మల్లో మీకు దాదాపు ఎప్పుడూ ఎదురయ్యే అపోహలు ఇవి. మంచు మీద పడిన సూర్యకాంతి తిరిగి ఆకాశంలోకి ప్రతిఫలించడమే అరోరా అని కొందరు గీస్తారు. సూర్యుడి నుంచి వచ్చిన కణాలు తిన్నగా ధ్రువంలోని రంధ్రంలో పడుతున్నట్టు ఇంకొందరు గీస్తారు. అరోరా సరిగ్గా ధ్రువబిందువు మీదే వస్తుందనీ, చలికాలంలోనే పుడుతుందనీ, ఉత్తరాన మాత్రమే ఉంటుందనీ అనుకునేవాళ్లు ఎక్కువే. నిజానికి అరోరా ధ్రువం చుట్టూ వలయంలా వస్తుంది, దక్షిణ ధ్రువం చుట్టూ కూడా అలాంటి వలయమే ఉంది. వేసవిలోనూ అరోరా వస్తుంది, కానీ ఆ అక్షాంశాల్లో అప్పుడు రాత్రి చీకటి పడదు కాబట్టి కంటికి కనిపించదు. ఈ జాబితాను మీ దగ్గరే ఉంచుకోండి. ఏ ప్రయోగం ఏ అపోహను తీరుస్తుందో గమనిస్తూ నడిపితే ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీకే తెలుస్తుంది.

రెండో అడుగు: దూరం నడిచి చూపించండి

బయటికి తీసుకెళ్లండి. 14 సెంటీమీటర్ల బంతి సూర్యుడు. ఈ కొలతలో 1 సెంటీమీటరు అంటే లక్ష కిలోమీటర్లు. భూమి గుండుసూది తలంత ఉంటుంది, 1.3 మిల్లీమీటర్లు. గుండుసూదిని ఒక టీచరు చేతికిచ్చి, సూర్యుడికి ఎంత దూరంలో నిలబడాలో ముందు ఊహించి నిలబడమనండి. చాలామంది రెండు మూడు మీటర్ల దగ్గరే ఆగిపోతారు. అప్పుడు టేపు పరిచి కొలవండి. సరైన దూరం 15 మీటర్లు. చంద్రుడు భూమి నుంచి 4 సెంటీమీటర్ల లోపే.

ఇప్పుడు కాంతిగా నడవమనండి. ఈ కొలతలో కాంతి సెకనుకు 3 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. 15 మీటర్లు నడవడానికి నిజంగానే 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఒకరిచేత పూర్తిగా నడిపించండి, మధ్యలో ఆపవద్దు. మిగతావాళ్లు ఎదురుచూస్తుంటే విసుగొస్తుంది, ఆ విసుగే పాఠం. విశ్వంలో అన్నిటికన్నా వేగంగా పోయేది ఇంత నెమ్మదిగా కదలడం కళ్లారా చూశాక దూరం అంటే ఏమిటో ఒంటికి పడుతుంది.

తర్వాత అడగండి: సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం, అదే సౌరపవనం, ఇదే దారిలో ఎంతసేపట్లో చేరుతుంది? మామూలు రోజుల్లో దాని వేగం సెకనుకు 400 కిలోమీటర్లు. అంటే నాలుగు రోజులకు పైగా. కాంతిగా నడిచిన టీచరు చేరాక మనమంతా ఇళ్లకు వెళ్లిపోయి అయిదో రోజు వస్తే సౌరపవనం అప్పుడే గుండుసూదిని తాకుతూ ఉంటుంది. పెద్ద పేలుళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద ఒక మెరుపు చూశాడు. దాదాపు పదిహేడున్నర గంటల తర్వాత భూమి మీద అయస్కాంత తుఫాను, అంటే భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలం కావడం, మొదలైంది. టెలిగ్రాఫ్ తీగల్లో దానంతటదే కరెంటు పుట్టింది.

సూర్యుడిని నేరుగా, కంటితో గానీ బైనాక్యులర్‌తో గానీ సీడీతో గానీ చూడకూడదని ఈ అడుగులోనే గట్టిగా చెప్పండి. అట్టకు సూదిరంధ్రం చేసి తెల్ల కాగితం మీద పడే సూర్యబింబం చూపించండి.

మూడో అడుగు: గ్లోబు మీద ఊలు దారం

ఇది పావుగంట పని, కానీ రోజంతటిలో ఎక్కువ చర్చ పుట్టేది ఇక్కడే. గ్లోబు ముందు పెట్టి, అరోరా ఎంత ఎత్తులో ఉంటుందో వేలు పెట్టి చూపించమనండి. కొందరు ఒక జానెడు ఎత్తు చూపిస్తారు, ఇంకొందరు అంతకన్నా పైకి పోతారు.

30 సెంటీమీటర్ల గ్లోబు మీద 1 సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. అరోరా కింది అంచు నేల నుంచి 100 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే గ్లోబు మీద రెండున్నర మిల్లీమీటర్లు! పై భాగపు ఎర్రటి కాంతి 300 కిలోమీటర్ల దాకా వెళ్లినా 7 మిల్లీమీటర్లే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది ఒక సెంటీమీటరు ఎత్తులో. ఊలు దారాన్ని గ్లోబుకు అంటించినట్టే పెట్టాలి, ఆ దారం మందమే అరోరా ఎత్తు.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఉత్తర ధ్రువబిందువు చుట్టూ సమానంగా పెట్టేస్తారు. అలా కాదు. అరోరా వలయం తిరిగేది భూ అయస్కాంత ధ్రువం చుట్టూ. అది కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి దగ్గర ఉంటుంది. అక్కడ కేంద్రం పెట్టుకుని 12 సెంటీమీటర్ల వ్యాసంతో దారం వలయంగా పరచండి. అప్పుడు అది అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలోని యెల్లోనైఫ్, నార్వేలోని ట్రోమ్సో, స్వీడన్‌లోని కిరూనా పరిసరాల మీదుగా పోతుంది. ఆ ఊళ్లు అరోరాకు ఎందుకు పేరుపొందాయో చెప్పనక్కర్లేదు, దారమే చెబుతుంది. ధ్రువబిందువు వలయం లోపల ఉండిపోయిందన్నది కూడా టీచర్లే పట్టుకుంటారు. అసలు వలయం రాత్రివైపు కాస్త కిందికి జారి ఉంటుందని, తుఫాను రోజుల్లో ఇంకా దక్షిణానికి సాగుతుందని మీరు కలపండి.

నాలుగో అడుగు: అయస్కాంతంతో రెండు పనులు

మొదటి పని దిక్సూచితో. దండయస్కాంతాన్ని కాగితం మీద పెట్టి, దిక్సూచి ముల్లు చూపిన వైపు చుక్క పెట్టి, ఆ చుక్క దగ్గరికి దిక్సూచిని జరిపి మళ్లీ చుక్క పెడుతూ పోవాలి. చుక్కలు కలిపితే ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి వంగిన గీత వస్తుంది. ఇది చేశాకే ఇనుప రజను షీటు కింద అయస్కాంతం పెట్టి చూపించండి. ముందే రజను చూపిస్తే దిక్సూచితో ఓపికగా గీయడం ఎవరికీ ఇష్టముండదు, ఆ గీతకు దిశ ఉందన్న సంగతి చేజారిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, దాన్ని దాటవేయవద్దు. దిక్సూచి ముల్లు ఉత్తరపు కొన భూమి ఉత్తరం వైపు తిరుగుతుంది కదా, మరి భూమి ఉత్తరాన ఉన్నది ఏ రకం ధ్రువం? దండయస్కాంతం భాషలో అది దక్షిణ ధ్రువమే. దీని మీద టీచర్లను పది నిమిషాలు వాదించుకోనివ్వండి. మీరు తీర్పు చెప్పకండి, రెండు దండయస్కాంతాలు చేతికిచ్చి వాళ్లనే తేల్చుకోమనండి.

ఇక్కడే ఒక చరిత్ర చెప్పాలి. 1741లో స్వీడన్‌లోని ఉప్సలాలో ఓలోఫ్ హ్యోర్టర్, ఉష్ణమానానికి తన పేరు ఇచ్చిన ఆండర్స్ సెల్సియస్‌తో కలిసి దిక్సూచి ముల్లును గంట గంటకూ గమనిస్తూ ఉండేవాడు. ఆకాశంలో అరోరా ఆడిన రాత్రి ముల్లు కూడా కదిలింది. ఆకాశంలో వెలుగుకీ బల్ల మీద ముల్లుకీ సంబంధం ఉందని తెలిసింది అలా, కేవలం ఓపికతో చూసి రాసుకోవడం వల్ల.

మీ జట్లు కూడా అలాంటి పరికరం చేయగలవు. గాజు సీసాలో సన్నని దారంతో చిన్న అయస్కాంతం వేలాడదీసి, దానికి చిన్న అద్దం ముక్క అంటించండి. టార్చి వెలుగును సన్నగా చేసి ఆ అద్దం మీద పడేట్టు పెడితే దూరపు గోడ మీద వెలుగు చుక్క పడుతుంది. అయస్కాంతం రవ్వంత తిరిగినా గోడ మీద చుక్క బాగా కదులుతుంది. దగ్గర్లో ఇనుప కుర్చీ జరిపినా కదులుతుంది, అది కూడా చేసి చూపించండి. ఏది భూమిది, ఏది కుర్చీది అని వేరు చేయడమే అసలు విజ్ఞానం.

రెండో పని అల్యూమినియం రేకుతో. వేలెడు వెడల్పు సన్నని పట్టీ కత్తిరించి, అయస్కాంతం పైన వదులుగా వంతెనలా ఉంచి, రెండు కొనలనూ 1.5 వోల్టుల సెల్లుకు ఒక్క క్షణం తాకించండి. రేకు ఎగిరినట్టు కదులుతుంది. సెల్లు తిప్పి పెడితే ఎదురు దిశలో కదులుతుంది. రేకు మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు కదా, మరిప్పుడు ఎందుకు కదిలింది? రేకులో పరుగెత్తుతున్న ఎలక్ట్రాన్ల వల్ల. కదులుతున్న విద్యుదావేశాన్ని అయస్కాంతం పక్కకు నెడుతుంది. సూర్యుడి నుంచి వచ్చే కణాలకు భూమి దగ్గర జరిగేది ఇదే. ఒకటి రెండు సెకన్లకు మించి తాకించవద్దు, సెల్లు, రేకు రెండూ వేడెక్కుతాయి. ఫోనుల్లో వాడే లిథియం బ్యాటరీలు దీనికి అసలే వద్దు.

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇదే ఆలోచనను గాలి తీసేసిన గాజు పెట్టెలో చేసి చూపించాడు. లోపల అయస్కాంతం ఉన్న చిన్న గోళాన్ని పెట్టి దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలితే ధ్రువాల దగ్గర వలయాలుగా వెలిగింది. అరోరాతో పాటు ఆకాశంలో నిలువునా కరెంటు ప్రవహిస్తుందని ఆయన అన్నమాటను చాలామంది నమ్మలేదు. ఉపగ్రహాలు పైకి వెళ్లి కొలిచాక అది నిజమని తేలింది. అలాంటి పెట్టెకు వాక్యూమ్ పంపు, ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి వీడియోలో చూపించండి, తరగతిలో చేయించవద్దు.

కణాలు తిన్నగా ధ్రువంలో పడతాయన్న అపోహ తీర్చే చోటు కూడా ఇదే. ఒక రబ్బరు బ్యాండు తీసుకుని సాగదీయండి. సౌరపవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రివైపుకు పొడవైన తోకలా సాగదీస్తుంది. శక్తి అందులో నిలవ ఉంటుంది. అది తెగి వెనక్కి తన్నినప్పుడు ఎలక్ట్రాన్లు క్షేత్రరేఖల వెంట భూమి వైపు దూసుకొస్తాయి. అంటే అరోరా ఎక్కువగా భూమి వెనకవైపు నుంచి వచ్చిన దెబ్బ. రబ్బరు బ్యాండు చేతికి తగిలినప్పుడు ఈ సంగతి ఎవరూ మరిచిపోరు.

అయిదో అడుగు: రంగులు ఎక్కడివి

మధ్యాహ్నం భోజనాల తర్వాత దీన్ని పెట్టుకోండి, అందరూ లేచి తిరగాల్సిన పని కాబట్టి నిద్ర రాదు.

ముందు వర్ణపటదర్శిని, అంటే కాంతిని దానిలోని రంగులుగా విడదీసి చూపే పెట్టె. అట్టపెట్టె ఒక కొనకు సన్నని సందు, రెండో కొన దగ్గర వాలుగా సీడీ ముక్క, దాన్ని పైనుంచి చూడటానికి ఒక రంధ్రం. మిగిలిన ప్రతి చీలికనూ నల్ల టేపుతో మూసేయాలి. సందు మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటేనే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. చాలా జట్లు సందు పెద్దది చేసి "ఇంద్రధనుస్సు తప్ప ఏమీ లేదు" అంటాయి. రెండు అట్టముక్కలు దగ్గరగా జరిపి మళ్లీ చూడమనండి.

పాత ఫిలమెంటు బల్బు, ఎల్‌ఈడీ, పాత సీఎఫ్‌ఎల్ దీపం, చిన్న నియాన్ సూచిక దీపం వరుసగా పెట్టండి. ఫిలమెంటు బల్బులో రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. సీఎఫ్‌ఎల్‌లో విడివిడి గీతలు. అందులో మెరిసే ఆకుపచ్చ గీత పాదరసం ఆవిరిది, దాని తరంగదైర్ఘ్యం 546 నానోమీటర్లు. అరోరా ఆకుపచ్చ గీత దానికి దగ్గర్లోనే, 557.7 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సీఎఫ్‌ఎల్ పగలకుండా స్టాండులో బిగించి ఉంచండి, లోపల పాదరసం ఉంటుంది.

స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1860లలోనే ఆకాశం వైపు వర్ణపటదర్శిని తిప్పి ఆ ఆకుపచ్చ గీతను చూశాడు. మంచు మీద ప్రతిఫలించిన సూర్యకాంతి అయితే రంగులన్నీ ఉండాలి, ఒంటరి గీత ఉండకూడదు. అరోరా తనంతట తాను వెలిగే వాయువని అప్పుడే తేలింది. కానీ ఆ గీత ఏ మూలకానిది అన్నది చాలా ఏళ్లు అంతుచిక్కలేదు. 1925లో టొరంటోలో మెక్లెనన్, ష్రమ్ అనే ఇద్దరు అది ఆక్సిజన్ పరమాణువు నుంచి వస్తోందని ప్రయోగశాలలో చూపించారు. దాదాపు అరవై ఏళ్లు ఒక గీతకు పేరు లేకుండా ఉండటం టీచర్లకు చెప్పండి. తెలియదు అని చెప్పడం తప్పు కాదన్న ధైర్యం వాళ్లకు దాని నుంచి వస్తుంది.

ఇప్పుడు ఆట. టీచర్లంతా ఆక్సిజన్ పరమాణువులు. ఎలక్ట్రాన్ తగిలింది అని మీరు భుజం తట్టగానే రెండు చేతులూ పైకెత్తాలి. చేతులు దించేటప్పుడు కాంతి వదిలినట్టు. ఆకుపచ్చ ఇవ్వాల్సినవాళ్లు ఒక అంకె లెక్కపెట్టి దించుతారు, ఎర్ర ఇవ్వాల్సినవాళ్లు ముప్పై దాకా లెక్కపెట్టి దించాలి. ఈలోపు పక్కవాళ్లు తగిలితే కాంతి లేకుండానే చేతులు దించేయాలి. మొదట చిన్న గదిలో కిక్కిరిసి నడుస్తూ ఆడించండి. ఎర్రవాళ్లలో ఒక్కరు కూడా ముప్పై దాకా రాలేరు. తర్వాత పెద్ద మైదానంలో దూరదూరంగా ఆడించండి. ఇప్పుడు ఎర్ర కాంతి వస్తుంది.

అసలు లెక్క కూడా ఇలాంటిదే. ఆకుపచ్చ కాంతి ఇచ్చే స్థితిలో ఆక్సిజన్ పరమాణువు సెకనులోపే ఉంటుంది. 630 నానోమీటర్ల ఎరుపు ఇచ్చే స్థితిలో దాదాపు 110 సెకన్లు ఉండాలి. కింద గాలి చిక్కగా ఉంటుంది, అంతసేపు ఎవరూ తగలకుండా ఉండటం కుదరదు. 200 కిలోమీటర్ల పైన గాలి బాగా పలచన కాబట్టి ఎరుపు అక్కడే వెలుగుతుంది. 100 నుంచి 150 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చ. అరోరా ఉధృతంగా ఉన్నప్పుడు కింది అంచున కనిపించే గులాబీ, ఊదా నైట్రోజన్‌వి. నేను చేయించిన వాటిలో టీచర్లు తమ తరగతికి మొట్టమొదట తీసుకెళ్లేది ఈ ఆటనే. సామాను ఏమీ అక్కర్లేదు మరి.

ఒక నిజం కూడా చెప్పండి. ఫొటోల్లో కనిపించినంత రంగు కంటికి చాలాసార్లు కనిపించదు. వెలుగు తక్కువైనప్పుడు మన కన్ను రంగును సరిగా పట్టుకోలేదు, బూడిదరంగు మబ్బులా తోస్తుంది. కెమెరా కొన్ని సెకన్ల వెలుగును పోగుచేస్తుంది. ఇది ముందే తెలియకపోతే మొదటిసారి చూసిన పిల్లలు నిరాశపడతారు.

ఆరో అడుగు: ఎత్తు కొలవడం

కోణమానినికి దారం, బరువు కట్టి ఎత్తుకోణం కొలిచే పరికరం చేయించండి. దూరంగా ఉన్న స్తంభం వైపు తిన్నగా ఒక గీత అనుకుని, ఆ గీత మీద 10 మీటర్ల ఎడంగా రెండు జట్లు నిలబడి ఒకేసారి స్తంభం కొనకు కోణం కొలవాలి. కోణాలను కాగితం మీద 1 సెంటీమీటరుకు 1 మీటరు చొప్పున గీస్తే రెండు గీతలు కలిసిన చోటే కొన. త్రికోణమితి రాని తరగతిలో కూడా ఇది కుదురుతుంది. నార్వేలో కార్ల్ స్టోర్మెర్ 1910 నుంచి ఇదే పద్ధతిని అరోరా మీద వాడాడు. కిలోమీటర్ల ఎడంగా రెండు కెమెరాలు, మధ్యలో టెలిఫోను, ఒకే క్షణంలో ఒకే అరోరాకు రెండు ఫొటోలు. నక్షత్రాల నేపథ్యంలో అది ఎంత జరిగిందో చూసి ఎత్తు లెక్కగట్టాడు. 100 కిలోమీటర్ల అంకె అలాంటి వేలాది ఫొటోల నుంచి వచ్చింది.

ఏడో అడుగు: నిజమైన సమాచారంతో అంచనా

ఇక్కడ కంప్యూటర్ కావాలి, లేకపోతే ముందే ప్రింట్లు తీసిపెట్టుకోండి. 1995లో వెళ్లిన సోహో వ్యోమనౌక సూర్యుడిని పళ్లెంతో కప్పి చుట్టూ ఫొటో తీస్తుంది. ఆ పళ్లెం మీద సూర్యుడి సైజులో తెల్ల వృత్తం గీసి ఉంటుంది, దాని వ్యాసం 14 లక్షల కిలోమీటర్లు. పక్కకు విసిరేసిన ఒక సౌర విస్ఫోటనం ఫొటోలు రెండు తీసుకుని, స్కేలుతో ముందంచు ఎంత జరిగిందో కొలిచి, ఫొటోల మీద ఉన్న సమయాల తేడాతో భాగిస్తే వేగం వస్తుంది. మనవైపు వచ్చే విస్ఫోటనం అన్ని దిక్కులా ఉబ్బినట్టు కనిపిస్తుంది కాబట్టి దీనికి పనికిరాదు, అంచున జరిగినదే ఎంచుకోండి.

తర్వాత 2024 మే 10, 11 తేదీల సమాచారం జట్లకు ఇవ్వండి: సూర్యమచ్చల ఫొటో, సౌరపవనం వేగం, దానిలోని అయస్కాంత క్షేత్రం దిశ, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లకల్లోలంగా ఉందో 0 నుంచి 9 దాకా అంకెతో చెప్పే కేపీ సూచిక. తేదీ మాత్రం చెరిపేయండి. ఈ రాత్రి అరోరా చూడటానికి బయటికి వెళ్లాలా వద్దా, ఎంత దక్షిణం దాకా కనిపిస్తుంది అని నిర్ణయించమనండి. క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే అది భూమి క్షేత్రంతో కలిసి తలుపు తెరుచుకుంటుంది. ఉత్తరానికి ఉంటే ఎంత వేగంగా వచ్చినా ప్రభావం తక్కువ. ఈ కొలతలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న వ్యోమనౌకల నుంచి వస్తాయి. కాబట్టి దొరికే వ్యవధి అరగంట నుంచి గంట మాత్రమే. జట్లు నిర్ణయం చెప్పాక అసలు జరిగింది చెప్పండి. ఆ రాత్రి కేపీ 9కి చేరింది, 2003 అక్టోబర్ తర్వాత అంత తీవ్రమైన తుఫాను అదే. మెక్సికోలోనూ, లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశంలోనూ ఎర్రటి కాంతి కనిపించింది. అంత దక్షిణాన ఎరుపే ఎందుకు కనిపించిందని అడగండి. ఊలు దారం గుర్తుచేసుకున్నవాళ్లు చెబుతారు: ఎరుపు ఎత్తులో ఉంటుంది, దూరం నుంచి దిగంతం మీదుగా పైభాగమే కనిపిస్తుంది.

మీరు అరోరా వలయం కింద ఉంటే ఆ రాత్రే బయటికి తీసుకెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఎర్ర టార్చి తప్ప ఏదీ వెలిగించవద్దు. కెమెరా బ్యాటరీలను కోటు లోపల పెట్టుకోండి, చలికి త్వరగా దిగిపోతాయి. దూరంగా ఉన్నవాళ్లు ఉత్తర ప్రాంతాల ప్రత్యక్ష ఆకాశ కెమెరాలు చూడవచ్చు.

చివరి గంట

ప్రతి జట్టూ ఒక పనిని ఎంచుకుని పది నిమిషాలు పాఠం చెప్పాలి. మిగతావాళ్లు పన్నెండేళ్ల పిల్లల్లా కూర్చుని పిల్లల ప్రశ్నలే వేయాలి. "సిలబస్ ఎలా పూర్తవుతుంది?" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాటను పక్కన పెట్టేయకండి, అది నిజమైన ఇబ్బంది. బోర్డు మీద వాళ్ల సిలబస్‌లోని అధ్యాయాలు రాసి, ఏ పని ఏ అధ్యాయంలో సరిపోతుందో వాళ్లచేతే రాయించండి. రేకు పట్టీ విద్యుత్తు పాఠంలోకి, సీడీ పెట్టె కాంతి పాఠంలోకి, కోణమానిని లెక్కల్లోకి పోతాయి. అదనపు పీరియడు అక్కర్లేదు.

చేసిన పరికరాలన్నీ ఎవరివి వాళ్లే తీసుకెళ్లాలి. మీ దగ్గర ఏదీ మిగిలి ఉండకూడదు.

ఇప్పుడు పొద్దున తీసుకున్న కాగితాలు తిరిగి ఇవ్వండి. వెనకవైపు మళ్లీ అదే బొమ్మ గీయమనండి. ఈసారి గీతలు, దూరాలు, ఎత్తులు, బాణాలు వస్తాయి, ఇంకా తెలియనిచోట ప్రశ్నార్థకాలు కూడా వస్తాయి. వాటిని కొట్టేయనివ్వవద్దు. నెల తర్వాత రెండు గంటలు మళ్లీ కలవడానికి తేదీ అక్కడే ఖాయం చేసుకోండి. వచ్చేటప్పుడు తమ తరగతి పిల్లలు గీసిన బొమ్మలు అయిదు తెమ్మనండి, పాఠానికి ముందువి, తర్వాతవి. వాటిని బల్ల మీద పరిచి, టీచర్ల ప్రశ్నార్థకాలతో మొదలుపెట్టండి.